బోడి గట్టు మీద మగ జోరీగలు

ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు గాని, ఆ రోజుల్లో నా ఉద్యోగమంతా ఒక మగ జోరీగ మీద ఆధారపడి ఉండేది. పరిశోధన సహాయకురాలిగా కొత్తగా చేరి, అరకు దగ్గర ఒక పల్లెలో గది తీసుకున్నాను. పశువుల్ని కుట్టి రక్తం తాగే జోరీగలన్నీ ఆడవే (ఇందులో మా సారుకి కనిపించిన హాస్యం నాకు కనిపించలేదు). గెడ్డ ఒడ్డున బురదలోనూ, ఆవుల వీపుల మీదా అవే దొరికేవి. మగవి ఎక్కడ ఎగురుతాయో, ఎక్కడ జత కడతాయో అంతు చిక్కలేదు. "ఈ వారంలో మగది దొరక్కపోతే నువ్వు మీ ఊరు పార్వతీపురం వెళ్లిపోవచ్చమ్మా" అని సారు ఫోన్లో ఎంతో ప్రేమగా చెప్పారు.

నా గోడు నేను పెద్దమ్మా అని పిలిచే ఇంటావిడకి వెళ్లబోసుకున్నాను. ఆవిడ పడీ పడీ నవ్వి, ఉన్నట్టుండి గొంతు తగ్గించింది. "కాఫీతోట పైన బోడి గట్టు లేదేటి? ఆడ తెల్లారగట్ల గాల్లో ఏటో పాడతాది. మడిసి అగుపడడు. ఎల్లకు గుంటా. ఎల్లినా, ఎవులన్నా పిలిస్తే మూడోసారి దాకా పలక్కు. సచ్చినోల్లు రెండుసార్లకి మించి పిలవరు."

గాల్లో పాట అనగానే నాకు రెక్కల చప్పుడు తట్టింది. మర్నాడు చీకటి విడుతుండగా వల భుజాన వేసుకుని గట్టెక్కాను. అంతా మంచు. చెట్లు లేని ఆ కాస్త జాగాలో, సరిగ్గా నా తల మీద, సన్నగా ఒకటే మోత. పైకి చూస్తే ఏమీ లేదు. అడుగు వేస్తే ఆగిపోయేది, నిలబడితే మళ్లీ మొదలయ్యేది. చదివిన చదువంతా మరిచిపోయి, తెల్లటి వలని నెత్తి మీదుగా ముసుగేసుకున్నాను.

అప్పుడు కింద ఎక్కడినుంచో "గుంటా!" అని పిలుపు. పలకలేదు. కాసేపాగి మళ్లీ "గుంటా!" ఈసారి నా చెవి దగ్గరే. పళ్లు బిగబట్టి నిలబడ్డాను. ఇంకాసేపటికి మంచులోంచి రొప్పుతూ పెద్దమ్మ వచ్చింది. ముసుగేసుకుని ఉలుకూ పలుకూ లేకుండా నిలబడ్డ ఆకారాన్ని చూసి, "ఓలమ్మో!" అని కేకపెట్టి రాయి విసిరింది. రాయి నా పక్కనుంచి దూసుకుపోయింది. ఆ మోత కూడా దాని వెంటే పోయింది! మగ జోరీగలు ఎగిరే దేన్నైనా ఆడదనుకుని తరుముతాయని చదివిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. రాయి చేతిలో మోసపోయి అవి వెనక్కి వస్తుండగా నెత్తి మీది వల లాగి విసిరాను. ఒకటి కాదు, జత కట్టినవే దొరికాయి.

"పిలిస్తే పలకవేటి? ఆ ముసుగేసుకుని ఏటి సేత్తన్నావు?" పెద్దమ్మ గుండె పట్టుకుని కూలబడింది.

"మూడోసారి దాకా పలకొద్దని నువ్వేగా అన్నావు పెద్దమ్మా. నువ్వు పిలిచింది రెండుసార్లే."

ఆవిడ మొహంలో రంగు మారింది. "రెండేటి? తోట కాడినుంచి ఒక్కసారే పిలిసాను. పద, బేగి దిగు."

ఉద్యోగం నిలిచింది. రెండో పిలుపు సంగతి విని సారు అది ప్రతిధ్వని అని తేల్చేశారు. ఇప్పుడు నా విద్యార్థులకి నేనూ అదే చెప్పి నవ్విస్తుంటాను. వల కప్పుకుని వణికిన ఆ పిల్లని తలుచుకుంటే ముద్దొస్తుంది కూడా. ప్రతిధ్వని అంత ఆలస్యంగా, అంత దగ్గరగా ఎలా వస్తుందని మాత్రం ఇంతవరకు ఏ విద్యార్థీ అడగలేదు. మంచి పిల్లలు.