వెనకపక్క లేని తెర

1955 డిసెంబరులో నన్ను కర్నూలు జిల్లా ప్రచార విభాగంలో సినిమా బండి మీద ఆపరేటరుగా వేశారు. కర్నూలు అప్పట్లో రాజధాని. సగం ఆఫీసులు డేరాల్లో నడిచేవి. గాలి లేస్తే గుమాస్తాలు ఫైళ్ల సంగతి తర్వాత చూసుకుని ముందు డేరా మేకులు పట్టుకునేవాళ్లు. నేను చదివింది ఎనిమిదో తరగతి, అదీ పూర్తిగా కాదు. లెక్కల అయ్యవారికీ నాకూ పొసగలేదు. ఇద్దరిలో ఆయనకు జీతం వస్తుంది కాబట్టి బడి నేను మానేశాను. తర్వాత ఒక టూరింగ్ టాకీసులో చేరి రీళ్లు చుట్టడం, తెగిన ఫిలిం అతికించడం నేర్చుకున్నాను. సర్కారు ఉద్యోగం ఆ విద్యకే దొరికింది.

బండిలో ఎవరి హోదా వారిది. ముందు సీట్లో ప్రచార సహాయకుడు నరసింహం గారు, ఆయన పక్కన డ్రైవరు మస్తాన్, వెనకాల జనరేటరు, జనరేటరు తర్వాత నేను. దుమ్ము పడకుండా జనరేటరుకు గోనెపట్ట కప్పేవారు. నాకు అదీ లేదు.

నరసింహం గారిది గోదావరి పక్క. మంచి మనిషి, ఒకరి జోలికి పోయేవారు కాదు. మైకు ముందు మాత్రం ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ ఏడే అంటరానితనాన్ని శిక్షించే చట్టం కొత్తగా అమల్లోకి వచ్చింది. ఎవరి హక్కులేమిటో ఊరూరా తెలియజెప్పాలని, ముఖ్యంగా పడుచువాళ్లకూ రాత్రిబళ్లలో చదువుకునే పెద్దవాళ్లకూ చెప్పాలని మాకు ఉత్తరువు. ఒక్కో ఊళ్లో రెండు రాత్రులు మకాం. రెండు రాత్రులూ అవే బొమ్మలు: మొదట రాత్రిబడి గురించి ఒకటి, తర్వాత అన్ని కులాలవాళ్లూ ఒకే పంక్తిలో భోజనం చేసే బొమ్మ ఒకటి. మధ్యలో నరసింహం గారి ఉపన్యాసం.

తెర కట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఊరి మధ్య ఖాళీ జాగాలో రెండు వాసాలు పాతి, వాటి నడుమ తెల్లగుడ్డ బిగించాలి. ఒక పక్క దూరంగా ప్రొజెక్టరు పెట్టాలి. గుడ్డ పలచన కాబట్టి బొమ్మ అవతలిపక్కకూ కనబడుతుంది. కాకపోతే అద్దంలో చూసినట్టు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. మా శాఖవాళ్లకు ఇది మహా సదుపాయం. రెండు పక్కలా జనం కూర్చుంటారు, రిపోర్టులో ప్రేక్షకుల లెక్క నిండుగా కనబడుతుంది. ఏ పక్క ఎవరు కూర్చోవాలో మాత్రం శాఖ ఎక్కడా రాయలేదు. ఆ సంగతి ఊరే చూసుకునేది.

నేను చెప్పే ఊరు నందికొట్కూరు నుంచి ఆత్మకూరు పోయే దారిలో ఉంది. పేరు చెప్పను, మా రెండో అమ్మాయిని ఆ చుట్టుపక్కలే ఇచ్చాం. ఆ ఊరికి సినిమా బండి రావడం అదే మొదలు. మునసబు పుల్లారెడ్డి, అంటే శిస్తు వసూలు చేసే గ్రామాధికారి, మమ్మల్ని చావిడిలో దింపి మర్యాదగా చూసుకున్నాడు. రాత్రికి ప్రొజెక్టరు పక్క రెడ్లు, వాళ్ల చుట్టాలు, కోమట్లు కూర్చున్నారు. మేము కాగితాల్లో హరిజనవాడ అని రాసే పేటవాళ్లంతా తెర వెనక కూర్చున్నారు. ఎవరూ ఎవరినీ పొమ్మనలేదు, రమ్మనలేదు.

"భాయ్, సట్టం ఎవురికోసరమొచ్చిందో వాళ్లు ఎనక కూచున్యారు. సట్టం ఇనాల్సిన పనిలేదనుకునేటోళ్లు ముందర నిద్దరపోతాండారు" అన్నాడు మస్తాన్. నిజమే. మునసబు గారి గురక మైకులో కూడా పడింది.

పొద్దున్నే చావిడి ముందుకు ఇద్దరొచ్చారు. ఒకామె సుగుణమ్మ, పేటలో రాత్రిబడి నడిపే పడుచు పంతులమ్మ. మిషను బడిలో ఎనిమిది పాసైంది, అంటే నాకంటే పైచదువు. రెండో మనిషి ఓబులేసు తాత, ఆ బడిలో అందరికంటే పెద్ద విద్యార్థి. నరసింహం గారు పళ్లు తోముకుంటున్నారు.

"ఏమప్పా, నాకొక అనుమానం" అన్నాడు తాత. "సర్కారోళ్లంతా ఎడంచేతి వాటమేనా?"

నరసింహం గారు వేపపుల్ల నోట్లోంచి తీశారు.

"రాత్రి బొమ్మలో పలక పట్టుకున్నోళ్లందరూ ఎడంచేత్తోనే రాస్తాన్యారు. ఈ సుగుణమ్మేమో కుడిచేత్తో రాయమని మా ఏళ్లు ఇరగ్గొడతాంది. సరే, అది పోనీ. అన్ని కులాలోళ్లూ కలిసి బువ్వ తింటాన్యారు చూడు, వాళ్లూ ఎడంచేత్తోనే! మేం బీదోళ్లమే గానీ తినేది కుడిచేత్తోనప్పా. అట్లాటోళ్ల పంక్తిలో మేం కూచోం. మాకూ ఒక మర్యాద ఉండాది."

మస్తాన్ నవ్వాపుకోలేక బండి చాటుకు పోయాడు. సుగుణమ్మ నవ్వలేదు.

"సార్, రాత్రితో నా బడి మునిగింది" అంది. "నేను నేర్పిన అక్షరం ఒక్కటి కూడా ఆ తెర మీద వాళ్లకు కనపల్యా. అన్నీ తిరగబడే ఉన్యాయి. నువ్వు నేర్పేది సర్కారు రాత కాదంటాండారు. అదన్నా సర్దిచెప్పుకుంటా. చట్టం వచ్చింది, నలుగురు కూచునే తావులో మనమూ కూచోవచ్చు అని ఇన్నాళ్లూ పాఠం చెప్తి. ఆ మాట చెప్పే బొమ్మనే మీరు మమ్మల్ని ఎనక పెట్టి చూపిస్తిరి. నీ చట్టం సర్కారుకే తెలీదు, మాకేం చెప్తావు పోమ్మా అంటాండారు. ఈ రాత్రి కూడా ఎనకనే అయితే రేపట్నించి బడికి ఒక్కరూ రారు."

నరసింహం గారు చిక్కుల్లో పడ్డారు. ప్రదర్శన 'స్థానిక పెద్దల సహకారంతో' జరపాలని సర్క్యులరులో ఉందన్నారు. ఈ విషయం కర్నూలుకు రాసి వివరణ తెప్పిస్తానని, ఉగాదిలోపు జవాబు రావచ్చని చెప్పారు.

"ఏ సంవత్సరం ఉగాది సార్?" అన్నాడు మస్తాన్.

మునసబు కాఫీ పట్టించుకుని వచ్చాడు. సంగతి విని ఆశ్చర్యపోయాడు. "మేం వద్దంటిమా? యాడన్నా కూచోమను. ఖాళీ ఉంటే కూచోవచ్చు."

ముందుపక్క ఖాళీ ఎప్పుడుంటుంది? పొద్దెక్కకముందే చాపలు, గోతాలు, మంచాలు, ఆఖరికి చాటలు పెట్టి స్థలాలు పట్టుకున్నారు. ఒకచోట ఇటుకరాయి ఉంది. అది మునసబు గారి మేనత్త స్థలమట. ముందురోజు ఆమె నడుంనొప్పితో రాలేదు, ఇటుక మాత్రం బొమ్మ మొదట్నుంచి చివరిదాకా చూసింది.

నాకొక ఉపాయం తోచింది. ముందుపక్క అనేది నేలలో లేదు, ప్రొజెక్టరు ఎటుంటే అదే ముందు. చీకటి పడ్డాక ప్రొజెక్టరును అవతలికి తిప్పితే పేటవాళ్లు ముందుకొస్తారు, మునసబు గారి బలగమంతా ఎడంచేతి భోజనం చూస్తుంది. ఈ మాట సుగుణమ్మకు మెల్లగా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"వద్దన్నా" అంది. "ఈపొద్దు నువ్వు దయదల్చి తిప్పుతావు, రేపు ఇంకొకాయన వచ్చి మళ్లీ తిప్పుతాడు. మమ్మల్ని ముందర పెట్టి వాళ్లని ఎనక పెట్టమని నేను పాఠం చెప్పలేదు." ఆమె చావిడి గోడవైపు చూసింది. పండక్కని కొత్తగా సున్నం కొట్టించారు. "తెర ఈ గోడకు కట్టు."

"గోడకు కడితే వెనక ఎవరు కూర్చుంటారమ్మా?"

"అందుకే చెప్తాండా."

ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదా అనిపించింది. నరసింహం గారికి మాత్రం నచ్చలేదు. తెర వాసాలకే కట్టాలని రూలు. పైగా వెనకపక్క లేకపోతే ప్రేక్షకుల లెక్క పడిపోతుంది, కర్నూల్లో అడుగుతారు.

అప్పుడు సుగుణమ్మ చేతులు కట్టుకుని వినయంగా అడిగింది. "సార్, రాత్రి మీ ఉపన్యాసం మాకు ఎనకపక్క సరిగ్గా వినపల్యా. చట్టం గురించి చెప్పిన ఆ ముక్క మళ్లొకసారి చెప్తారా?"

ఆయన ఉపన్యాసాన్ని మళ్లీ చెప్పమని అడిగిన మనిషి ఆయన సర్వీసులో ఆమె ఒక్కతే. నరసింహం గారు లేచి నిలబడ్డారు, కండువా సర్దుకున్నారు. మైకు లేదన్న లోటు గొంతుతో తీర్చారు.

"సర్వజనులకు ఉద్దేశింపబడిన వినోద ప్రదర్శనములయందు, ఏ వ్యక్తినిగాని కులకారణమున వేరుపరచి కూర్చుండబెట్టుట..."

అక్కడ ఆగారు.

"ఊఁ, చెప్పు సామీ" అన్నాడు ఓబులేసు తాత. "కూచోబెట్టుట ఏమప్పా?"

"నేరము" అన్నారు నరసింహం గారు. ఈసారి గొంతు పక్కనున్న నాకే సరిగ్గా వినబడలేదు.

"సిచ్చ ఎవురికి? కూచున్నోళ్లకా, కూచోబెట్టినోళ్లకా?"

"కూర్చోబెట్టినవారికి."

"మరి తెర కట్టిందెవురు?"

అందరూ నావైపు చూశారు. నేను నరసింహం గారివైపు చూశాను. నరసింహం గారు మునసబువైపు చూశారు. మునసబు అప్పుడే ఏదో పని గుర్తొచ్చినట్టు కాఫీ గ్లాసులు ఏరుకోవడం మొదలుపెట్టాడు. నరసింహం గారు గోడను ఒకసారి ఎగాదిగా చూసి, "మేకులున్నాయటోయ్?" అని నన్నడిగారు.

పొద్దుగూకేసరికి తెర గోడకు బిగించాను. చాపలన్నీ గోడవైపు తిరిగాయి. ఇటుక కూడా చోటు మారింది. పేటవాళ్లు గోతాలు చంకన పెట్టుకుని సుగుణమ్మ వెనకాలే వచ్చారు. చాపల మధ్య ఖాళీలు కొద్దికొద్దిగా ఉన్నాయి. సుగుణమ్మ ఒకచోట గోతం పరిచి కూర్చుంది. మిగతావాళ్లు కూర్చోలేదు, ఓబులేసు తాతనే చూస్తున్నారు. ఆయన అటూఇటూ చూసి, నేరుగా ఇటుక దగ్గరకు పోయాడు.

"ఇటుకమ్మా, రవ్వంత జరుగు" అన్నాడు. దాన్ని చేత్తో పక్కకు జరిపి, తన గోతం వేసుకుని కూర్చున్నాడు. తాత కూర్చోగానే పేటంతా కూర్చుంది.

మునసబు తమ్ముడు శివారెడ్డి, కోడిపందేలు తప్ప వేరే వ్యాపకం లేని కుర్రాడు, అరుస్తూ లేచాడు. మా పనిలో ఆపరేటరుకు ఒక్కటే ఆయుధం, దీపం. వెంటనే స్విచ్ వేశాను.

వెలుతురు దారిలో మనిషి నిలబడితే ఏమవుతుందో కొత్తగా చూసేవాళ్లకు తెలియదు. శివారెడ్డి తలపాగా, ఎత్తిన చెయ్యి నల్లటి నీడై తెరంతా నిండాయి. "కూచో రా! బొమ్మ కనపల్యా!" అని వెనకనుంచి కేకలు. కేకలేసింది పేటవాళ్లు కాదు, అతని వైపు రెడ్లే. ఇటుక పెట్టిన మేనత్త ఆ రాత్రి నడుంనొప్పి లెక్కచేయకుండా వచ్చి వెనక మంచం మీద కూర్చుంది. అందరికంటే పెద్ద గొంతు ఆమెదే. ఇటుక సంగతి ఆమె ఎత్తనే లేదు. శివారెడ్డి కూర్చున్నాడు. పంక్తి భోజనం బొమ్మ వచ్చాక మళ్లీ లేచాడు. ఈసారి ఎత్తిన చేతి నీడ సరిగ్గా విస్తరాకుల మీద పడింది. అన్ని కులాలవాళ్లకూ శివారెడ్డే వడ్డిస్తున్నట్టుంది. జనం ఒకటే నవ్వు. పాపం, మళ్లీ కూలబడ్డాడు.

ఆ బొమ్మ రెండు రీళ్లు. నాకు భయం రీలు మార్చేటప్పుడు. ఒక్కటే ప్రొజెక్టరు, రీలు మార్చేదాకా బొమ్మ ఉండదు, పెట్రోమాక్సు వెలుతురు మాత్రం ఉంటుంది. దీపం ఆర్పగానే శివారెడ్డి లేచాడు. ఓబులేసు తాత అతనివైపే తిరిగాడు.

"సివారెడ్డప్పా, సూస్తివా? ఈపొద్దు అందరూ కుడిచేత్తో తిన్యారు!"

"నిన్న కూడా కుడిచేత్తోనే తినిరి కదా తాతా" అన్నాడు శివారెడ్డి, గొడవ మర్చిపోయి.

"మేం చూసినప్పుడు ఎడంచేత్తో తిన్యారే?"

"ఎనకనుంచి చూస్తే అట్లే కనపడతాది."

చుట్టూ ఎవరూ నవ్వలేదు. తాత కూడా ఎత్తిపొడవలేదు. "అట్లనా" అని మాత్రం అన్నాడు. శివారెడ్డి చాప మీద కూర్చుని తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. రీలు ఎక్కించడంలో నా చేతులు అంత చురుగ్గా ఎప్పుడూ ఆడలేదు.

అంతా అయ్యాక రాత్రిబడి బొమ్మ మళ్లీ వేయమని సుగుణమ్మ అడిగింది. వేశాను. తెర మీద అక్షరాలు కనబడగానే పేటవాళ్లు పెద్దగా చదివారు, ఒకరి మీద ఒకరు పోటీపడి. ఓబులేసు తాత అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ అందరికంటే వెనకబడ్డాడు. అందరూ ముగించాక కూడా ఆయనొక్కడే చదువుతున్నాడు. ముగించి, "పాపా, నువ్వు నేర్పింది సర్కారు రాతేనే" అన్నాడు సుగుణమ్మతో.

మరునాడు మేం బయల్దేరేటప్పుడు కాఫీ హోటల్లో పేటవాళ్ల గ్లాసులు ఎప్పటిలా చూరుకింద వేరేగానే బోర్లించి ఉన్నాయి. ఒక్క రాత్రికి ఊరు మారిపోయిందని నేను చెప్పడం లేదు. అయితే ఆ గ్లాసుల సంగతి మాట్లాడదామని సుగుణమ్మ బడివాళ్లను పిలిస్తే ఒక్కరూ తప్పకుండా వచ్చారని తర్వాత ఆ దారిన పోయి వచ్చిన మస్తాన్ చెప్పాడు.

కొన్నాళ్లకు కర్నూలు నుంచి మెమో వచ్చింది: ప్రేక్షకుల సంఖ్య ఎందుకు తగ్గింది, సంజాయిషీ ఇవ్వాలి. నామీదికి నెట్టేస్తారేమోనని చూశాను. నరసింహం గారు స్వహస్తాలతో రాశారు: 'తెరను గోడకు కట్టించినది నేను. గోడ వెనక ప్రేక్షకులు లేరు.' ఆయన రాసినవాటిల్లో అంత చిన్నది నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత నేను ఏ ఊరికి పోయినా ముందు సున్నం కొట్టిన గోడ కోసం వెతికేవాణ్ని. దొరికితే తెర దానికే కట్టేవాణ్ని. దొరకని ఊళ్లలో వాసాలు పాతి, వెనకాల బండి అడ్డంపెట్టి దారి మూసేవాళ్లం. హక్కుల గురించి చెప్పడానికి పోయినవాళ్లు ఏం చెప్పాలో అందరూ రాసిచ్చేవారు. వినేవాళ్లు ఎక్కడ కూర్చుని వింటున్నారో ముందు చూసుకోవాలని ఎవరూ రాసివ్వలేదు. ఆ పని ఆపరేటరుదేనని నేను నేర్చుకున్నాను, నా కింద చేరిన కుర్రాళ్లకు ప్రొజెక్టరు ముట్టనివ్వకముందే అదే నేర్పాను.