ఆరు సంచుల మీద అనుమానం

2023 వానాకాలం. ఎల్లారెడ్డిలో ఉద్యాన పంటల క్షేత్ర సహాయకుడిగా నా ఉద్యోగం ఇంకో పది నెలలే మిగిలి ఉంది. తోటలు చూసి రావడం, మహిళా సంఘాలకు పుట్టగొడుగుల పెంపకం నేర్పడం నా పని. ఏ ఊరికి వెళ్లినా చూసింది, విన్నది అదే రోజు డైరీలో రాయడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇది కూడా ఆ పేజీలు ముందు పెట్టుకునే రాస్తున్నాను.

ఒక పొద్దున లింగంపేట దగ్గరి ఊరి నుంచి సుజాత ఫోన్ చేసింది. నెల కిందట నా శిక్షణకు వచ్చి, కామారెడ్డిలో ఆరు గ్రో బ్యాగులు కొనుక్కున్న కోడలు పిల్ల. గ్రో బ్యాగ్ అంటే, ఉడకబెట్టి నీరు వార్చిన వరిగడ్డిలో స్పాన్ కలిపి కూరిన పాలిథిన్ సంచి. స్పాన్ అంటే పుట్టగొడుగుల విత్తనం. గడ్డి నిండా తెల్లగా అల్లుకున్నాక సంచిని అమ్ముతారు. కొన్నవాళ్లు దాన్ని నీడ పట్టున వేలాడదీసి, గాట్లు పెట్టి, రోజూ నీళ్లు చిలకరిస్తే చాలు. వారం పది రోజులకు ఆ గాట్లలోంచి ముత్యపు చిప్పల్లాంటి గొడుగులు గుత్తులుగా బయటికొస్తాయి.

"సార్, మీరు ఇయ్యాల రావాలె. పక్కింటి బాలమణక్క నా పుట్టకొక్కులు తిని కక్కుకున్నది. నేను మందు పెట్టిన అంటున్నరు. పొద్దుగూకే లోపట సంచులు కాలబెట్టకుంటే ఠాణాకు పోతరట."

సుజాత పదేళ్లుగా బీడీలు చుట్టింది. బీడీల్లో నింపే తంబాకు, అంటే పొగాకు దుమ్ముతో దగ్గు పట్టుకుంటే ఆ పని మానెయ్యమని డాక్టరు చెప్పాడు. ఇంట్లో కూర్చుని చేసుకునే ఇంకో పని ఆమెకు ఈ సంచుల్లోనే కనిపించింది. అవి కాలిపోతే మళ్లీ బీడీలే.

బస్సులోనే అనుమానాలకు నంబర్లు వేసి రాసుకున్నాను. ఒకటి, సంచులు అమ్మిన మనిషి. పాత సరుకు అంటగట్టి ఉండవచ్చు. రెండు, సుజాత అత్త గంగవ్వ. వానకు చెలకల్లో మొలిచిన అడవి పుట్టగొడుగులు ఏరుకొచ్చి కలిపి ఉండవచ్చు. మూడు, సుజాత. చెయ్యి ఆడకపోయినా ఆ పేరూ రాశాను. ఏ పేరునూ వదలకపోవడం నా పద్ధతి.

సుజాత ఇంట్లో సంచులు ఆరూ లోపలి చీకటి అర్రలో దూలానికి వేలాడుతున్నాయి. ఒక్కొక్కటీ దింపి చూశాను, వాసన చూశాను. పచ్చ బూజు లేదు, కుళ్లు వాసన లేదు. గొడుగులు తెల్లగా, గట్టిగా, అన్నీ ఒకే జాతివి. మొదటి పేరు కొట్టేసి బయటికొచ్చాను. గంగవ్వ గడప పక్కన ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"అవ్వా, ఈ నాలుగు దినాలల్ల చెలకల దిక్కు గిట్ల పోయినవా?"

"నా మోకాళ్లకు గడప దాటుడే గగనం. చెలకలెక్కడియి? నువ్వు తోటల సారువా, పోలీసోనివా?"

"పుట్టకొక్కులు తెంపినంక యాడ పెట్టినరు?"

బీడీ చుట్టే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "ఇంట్లనే."

"ఇంట్ల యాడ?"

"ఇంట్లంటే ఇంట్లనే. నాదేమన్న దొర గడినా, జాగ ఫలానా అని చెప్పనీకి?"

ఆమె పేరు కింద రెండు గీతలు గీశాను. ఏదో దాస్తోందని మాత్రం తేలిపోయింది.

బాలమణి పక్కింట్లో మంచం మీద పడుకుని ఉంది. మనిషి వాడిపోయింది గానీ నోరు బాగానే ఆడుతోంది. "నిన్ననే దవాఖానల సూది ఏయించుకొచ్చిన. మొన్న ఈ సుజాత గిన్నెల కూర తెచ్చిచ్చింది. జొన్నరొట్టెతోని తిన్న. చెయ్యి కడుక్కున్ననో లేదో, నోట్ల నీళ్లూరుడు షురువైంది. ఒళ్లంత చెమటలు, కండ్లు దిరుగుడు, కక్కుడు. ముసల్ది అదే కూర గిన్నెడు తిన్నదట, దానికేం గాలే. ఒక్క కుండల కూరైతే నాకొక్కదానికే ఎట్లయితది సార్? మా చూరు నీళ్లు వాళ్ల వాకిట్ల పడ్తయన్న పంచాది మనసుల పెట్టుకొని నాకు వేరే కలిపిండ్రు."

"చూరు నీళ్లకు మనుషుల్ని చంపుతరా అక్కా?" అంది గుమ్మంలో నిలబడిన సుజాత.

"నీకేం ఎరుక, నిరుడు నీ అత్త మాట్లాడిన మాటలు?"

బాలమణి వాదనలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. కూరలో విషపు గొడుగు ఉంటే గంగవ్వా పడిపోవాలి. మూడో పేరు మీదే పెన్ను ఆగింది.

లక్షణాలు వరసగా రాసుకుంటూ ఉంటే అవి ఎక్కడో తెలిసినవే అనిపించింది. నోట్లో నీళ్లు, చెమట, తల తిరగడం, వాంతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో జుక్కల్ వైపు వెళ్లినప్పుడు తోటి ఉద్యోగి ఇచ్చిన చిటికెడు తంబాకు దవడన పెట్టుకుని, నేనూ ఇలాగే రోడ్డు పక్కన కూలబడ్డాను.

"బాలమణీ, నువ్వు తంబాకు నములుతవా?"

"థూ, నాకు ఆ వాసనే పడది. అందుకే వాళ్ల దిక్కు కిటికీ తెరువ."

సుజాతను వెంటబెట్టుకుని మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. మొన్న తెంపిన వాటిలో కొన్ని గిన్నెలో మిగిలి ఉన్నాయి. గొడుగు కింది వైపు పుస్తకం పేజీల్లాంటి సన్నటి మడతలు ఉంటాయి. వాటిని గిల్స్ అంటారు. తెల్ల రుమాలు తడిపి ఆ మడతల మీద ఒత్తాను. గోధుమ రంగు మరక పడింది. అందులో తంబాకు వాసన తగిలి సుజాత అత్త వైపు తిరిగింది.

"అత్తా, చాటల ఆరబోసినవా?"

గంగవ్వ ఒళ్లోని చాట కిందికి దించింది. "తెంపినంక గాలికి ఆరబెట్టాలె అన్నవు. ఇంట్ల చాట కంటే వెడల్పుది ఏమున్నది? మంచిగ దులిపే పోసిన. తంబాకు చాట నీ సంచుల అర్రలకు తెస్తే నువ్వు లొల్లి పెడ్తవని చెప్పలే."

"దులిపితే పోతదా? వండే ముంగట నేనన్న కడగకపోతి."

"కడగొద్దని మీ సారే చెప్పిండంటివి గద?"

ఇద్దరూ నా వైపు చూశారు. నిజమే. నీళ్లలో వేస్తే పీల్చుకుని మెత్తబడతాయి, గుడ్డతో తుడిస్తే చాలని చెప్పింది నేను. చిలకరించిన తడి పోయేదాకా గాలికి ఆరబెట్టమన్నదీ నేనే. దేని మీద ఆరబెట్టాలో చెప్పలేదు. రెండు మూడు ఇళ్లకొక బీడీల చాట కనిపించే ఊళ్లో ఆ మాట చెప్పి వచ్చాను. తడి గొడుగులు చాటలోని దుమ్మునంతా పట్టుకున్నాయి. నలభై ఏళ్లుగా తంబాకులోనే ఉన్న గంగవ్వ ఒంటికి అది ఆనలేదు. సుజాత ఆ రోజు జావ తాగి పడుకుందట, కూర ముట్టలేదు.

ముగ్గురం బాలమణి దగ్గరికి వెళ్లాం. రుమాలు చూపించి, తప్పు నా శిక్షణలో ఉందని చెప్పాను. ఆమె నమ్మలేదు.

"మీ దగ్గర నేర్చుకున్న పిల్లని మీరే వెనకేసుకొస్తున్నరు. నా ఇంట్ల, నా గంజుల నేనే వండుత. ముందుగాల ముసల్ది తినాలె, తర్వాత మీరు."

సుజాత మూడో సంచి నుంచి ఒక గుత్తి తెంపి బాలమణి స్టీలు పళ్లెంలోనే పెట్టింది. బాలమణి లేచి నల్లా కింద రెండుసార్లు కడిగి, పసుపు, కారం వేసి వండింది. గంగవ్వ తిన్నది, నేను తిన్నాను, సుజాత తిన్నది. బాలమణి ఎదురుగా పీట వేసుకుని మా ముఖాలు చూస్తూ కూర్చుంది. గంటసేపు ఎవరూ కదల్లేదు.

"ఉప్పు తక్కువేసినవు బాలమణి. గట్లనే కొద్దికొద్దిగ చంపు నన్ను" అంది గంగవ్వ.

బాలమణి నవ్వలేదు. గంజులోంచి ఒక్క ముక్క తీసి నాలిక మీద పెట్టుకుంది. చాలాసేపు నమిలి మింగింది. "సంచులు ఉండనియ్యండ్రి," అంది. "కానీ సుజాతా, ఇంకోపారి నా ఇంటికి కూర పంపకు. తినాలనిపిస్తే నేనే వచ్చి సంచి నుంచి తెంపుకుంట."

సంచులు మిగిలాయి. ఆ మాటలో మిగిలిన అనుమానాన్ని తీసెయ్యడం నా చేతిలో లేదు.

జాబితాలో అందరి పేర్లూ రాశానని బస్సులో ధీమాగా కూర్చున్న నాకు, నా పేరు రాయాలని తట్టనే లేదు. ఆ తర్వాత పది నెలల్లో ఎక్కడ శిక్షణ పెట్టినా, సంచి విప్పక ముందే ఒక మాట అడిగేవాణ్ణి: "తెంపినవి దేంట్ల ఆరబెడ్తరో, అది ఇంటికెళ్లి పట్టుకరండ్రి." ఒకామె యూరియా బస్తా తెచ్చింది. ఒకామె పురుగుమందు కలిపే తొట్టి మూత తెచ్చింది. బీడీల చాటలైతే ప్రతి ఊళ్లోనూ వచ్చేవి. ఒక్కటీ చూపుకు మురికిగా లేదు.