ముదురు నీలం చీర

వెలుగును, ఆ వెలుగుకు ఓర్వలేని దేహాలను కూడా చేసిన దేవునికి స్తోత్రం.

మెట్‌పల్లిలో మా చర్చి సంఘంలోని ఒక పెద్దమ్మ, చీర కొనేముందు దుకాణం బయటికి తెచ్చి ఎండకు పట్టి చూసేది. అవతలి వెలుతురు కనబడితే వద్దనేది. ఎండ తగిలితే ఆమెకు ఒళ్లంతా దద్దుర్లు లేచేవి. పల్చని తెల్లబట్ట ఆ కిరణాలను ఆపదని, ముదురురంగు మందపు బట్ట కట్టుకోవాలని డాక్టర్ చెప్పాడట. నాకు ఇప్పటికీ తికమకే. చల్లగా ఉంచేది కాపాడదట, ఉడకబెట్టేది కాపాడుతుందట!

ఈస్టర్‌కు ముందు వారం వచ్చే మట్టల ఆదివారం ఊరేగింపుకు ఆడవాళ్లమంతా తెల్లచీరల్లో వచ్చాం. ఏ ఏడూ ఊరేగింపు తప్పని ఆమె మాత్రం ముదురు నీలం చీరలో, చెమటలు కక్కుతూ వచ్చింది.

"పరలోకంల పరిశుద్ధులకు తెల్లబట్టలని బైబిల్ వాక్యంల లేదా, పెద్దమ్మా? గీ రంగేంది?" అన్నాడు సంఘపెద్ద.

"ఉన్నది కొడుకా. ఆడ ఎండ తగలదని గూడ అండ్లనే ఉన్నది. గిది మెట్‌పల్లి!"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"తెల్లది కట్టుకొని రా, లేకుంటే ఎనుక నడువు."

ఆమె అందరి వెనక ఒక్కతే పాడుకుంటూ నడిచింది. వరుసతో పోవాలో, ఆమె కోసం ఆగాలో తోచక నేను నడిరోడ్డు మీద నిలబడిపోయాను.

ఒకే వాక్యం ఇద్దరి నోట రెండు దారులైనప్పుడు ఎటు నడవాలో చూపించమని, మీరూ నాతో కలిసి ప్రభువును అడగండి.