ఎంతో కొంత అనే ఊరు

మొన్న జగిత్యాల బస్టాండులో నిలబడి ఉంటే ఎక్కడి నుంచో నొప్పుల మందు వాసన వచ్చి ముక్కు మీద గుద్దింది. చూస్తే, హనుమాన్ మాల వేసుకున్నవాళ్ళు కొందరు కాలినడకన కొండగట్టుకు పోతూ, ప్లాట్‌ఫారం అంచున కూర్చుని పిక్కలకు మందు రుద్దుకుంటున్నారు. ఎంత ఘాటంటే, పల్లీలమ్మే ఆమె తుమ్మింది, ఆ తుమ్ముకు పావురాలు లేచాయి, పావురాలకు ఉలిక్కిపడి ధర్మపురి బస్సు డ్రైవరు ఖాళీ బస్సుకు హారన్ కొట్టాడు. నాకు మాత్రం రాజమల్లన్న గుర్తొచ్చాడు. ఆ వాసన ప్యాంటు చొక్కా తొడుక్కుంటే అచ్చం ఆయనలాగే ఉంటుంది.

రాజమల్లన్నది మేడిపల్లి. రిటైరైన బస్సు కండక్టరు. "నా కాళ్ళు జిల్లా అంత తిరిగినయి గని భూమి మీద ఒక్క అడుగు ఎయ్యలే" అనేవాడు. రిటైరైన తెల్లవారే ఆ లోటు తీర్చడం మొదలుపెట్టాడు. కోరుట్ల నుంచి జగిత్యాల, అక్కడి నుంచి కొండగట్టు, వేములవాడ, సిరిసిల్ల దాకా నడిచాడు. పోయిన దారి సరిగ్గా చూశానో లేదోనని మళ్ళీ వెనక్కి నడిచాడు. ఒంటి మీది కొవ్వంతా దారిపొడవునా ఊరూరికీ పంచిపెట్టి, చివరికి ఒక పుస్తకం రాసుకుని కోరుట్లలోని నా డీటీపీ దుకాణంలో తేలాడు. నడిచి పోయేవాళ్ళకు దారి చెప్పే పుస్తకం అది. ఎక్కడ బోరింగు ఉంది, ఎక్కడ నీడ ఉంది, ఏ హోటల్‌వాడు "ఇంక దగ్గర్నే" అని అబద్ధం చెప్తాడు, అన్నీ ఉన్నాయి. కుక్కలకైతే ఏకంగా ఒక అధ్యాయం.

"అన్నా, కుక్కల పేర్లు సుత రాస్తవా?" అన్నాను టైపు చేస్తూ.

"ఓనరు పేరు రాస్తే కేసైతది. కుక్క పేరు రాస్తే ఎవలు ఏస్తరు కేసు, కుక్కనా?"

టైపు అయిపోయాక ఎంతయిందని అడిగాడు. డబ్బు అడగాలంటే నా నాలుకకు పక్షవాతం వస్తుంది. "నీ ఇష్టం అన్నా, ఎంతో కొంత ఇయ్యి" అన్నాను.

జేబులోకి పోతున్న ఆయన చెయ్యి మధ్యలోనే ఆగింది.

"ఎంతో కొంతనా? గా ఊరు ఏ రూట్ల ఉన్నది? నా సర్వీసుల ఎవ్వడు గా ఊరికి టికెట్ అడగలే. స్టేజీ పేరు చెప్పు, టికెట్ కొడత."

నేను నసిగి నసిగి ఒక అంకె చెప్పాను.

"తక్కువ చెప్పినవ్ తమ్మీ. గిప్పుడు తక్కువ తీసుకుంటవ్, రేపు తప్పులు దిద్దుమంటే మొఖం మాడుస్తవ్. సరిగ్గ చెప్పు."

బేరమాడి ధర పెంచిన గిరాకీ కోరుట్ల చరిత్రలో ఆయనొక్కడే.

రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లో మిగిలిందంతా పెట్టి పుస్తకం అచ్చేశాడు. ఇవి అమ్ముడుపోతేనే రెండోసారి అచ్చు, లేకపోతే ఇంట్లో ఇక పైసా పుట్టదు. రెండో అచ్చు వేయక తప్పదని ఆయనకు ముందే తెలుసు. రోడ్లు వెడల్పవుతున్నాయి, దారి రోజుకో వేషం వేస్తోంది. దారి మారి పుస్తకం మారకపోతే, నమ్మి నడిచినవాళ్ళు ఎండలో పడతారు. అందుకే ఆవిష్కరణ రోజు హాలు గుమ్మం దగ్గర పాత తోలు సంచీ మెడకు తగిలించుకుని నిలబడ్డాడు. మన దగ్గర పుస్తకావిష్కరణ అంటే పుస్తకం ఫుకట్‌గా వచ్చే పండుగ. వరుసగా చాపిన చేతులన్నిటికీ ఒకటే మాట: "టికెట్, టికెట్."

వియ్యంకుడు పళ్ళికిలించాడు. "బావా, నాక్కూడనా?"

"పాసుంటే చూపెట్టు బావా."

చిల్లర లేనప్పుడు కండక్టర్లు టికెట్ వెనక బాకీ రాసిస్తారు, దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. ఈయన ప్రతి పుస్తకం చివరి పేజీలో తన చేత్తో రాశాడు: తప్పు దొరికితే పైసలు వాపసు.

ఆ వాక్యం పట్టుకునే ఒక ఎండాకాలం మల్లాపూర్ నుంచి గంగారాం స్వామి నా దుకాణం మీద పడ్డాడు. మాలధారుల బృందానికి ఆయన పెద్ద. వెనక బృందమంతా ఉంది. రాజమల్లన్న అప్పుడు అక్కడే కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"నీ పుస్తకం నమ్ముకుంటే కోళ్ళ ఫారంల పండినం. మాల మీదున్నోళ్ళం. పైసలు వాపస్ ఇయ్యి."

"టికెట్ చూపెట్టు."

గంగారాం కాగితాల కట్ట బల్ల మీద పెట్టాడు. జిరాక్సు. ఒక్క పుస్తకం కొని అందరికీ తీయించాడు. అందులోనూ పొదుపు చేసి, ప్రతి ఆకుకూ ఒక వైపే తీయించాడు. "కల్వర్టు దాటాక పెద్ద షెడ్డు కనబడుతుంది" అని ఒక పేజీ ముగుస్తుంది. "అది కోళ్ళ ఫారం, ముక్కు మూసుకుని ముందుకు సాగండి" అన్న మాట ఆకు వెనక వైపు ఉంది. అది వీళ్ళ దగ్గర లేదు. ఆ తర్వాతి ఆకు "కాళ్ళు కడుక్కుని హాయిగా పడుకోవచ్చు" అని మొదలవుతుంది. పడుకున్నారు. వాళ్ళ ఓంకారానికి కోళ్ళు తెల్లవార్లూ తాళం వేశాయట.

"ఒక్క టికెట్ కొని బస్సు నిండ మందిని ఎక్కించినవ్" అన్నాడు రాజమల్లన్న. "సగం టైర్లు నువ్వే పీకినవ్. ఇగ దిగి కండక్టర్‌ను కొడుతవా?"

"దేవుని పనికి గింత లెక్కనా?"

"కొండగట్టు బస్సుల సర్వీసంత టికెట్ కొట్టిన. దేవుడు ఒక్కనాడు అద్దన్లే."

అందరూ నవ్వారు, గంగారాం తప్ప. అప్పుడు గుంపులోంచి పోశవ్వ అనే పెద్దావిడ ముందుకొచ్చింది.

"కోళ్ళ సంగతి ఇడిసిపెట్టు అన్నా. కొండగట్టు దాటి వేములవాడ దిక్కు పోతే బోరింగు ఉన్నదని రాసినవ్. గా పేజీ మా కాగితంల ఉన్నది. రోడ్డు పనిల దాన్ని పీకేసిండ్రు. గొంతెండి సచ్చినం."

రాజమల్లన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. సంచీ తెరిచి పుస్తకం పూర్తి ధర ఆమె చేతిలో పెట్టాడు.

గంగారాం గయ్యిమన్నాడు. "గామె తాన టికెట్ లేదు గదా?"

"టికెట్ లేదు. తప్పున్నది."

పోశవ్వ ఆ నోటును అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి బల్ల మీద పెట్టింది. "అయితే నాకో పుస్తకం ఇయ్యి. రెండు దిక్కుల అచ్చున్నది."

ఆమె వెనకవాడు జేబు తడుముకున్నాడు. వాడి వెనకవాడూ తడుముకున్నాడు. నా దుకాణంలో కట్ట విప్పడానికి కత్తెర దొరకక పళ్ళతో కొరికాను. చివరికి గంగారాం కూడా, దేవుడి వైపు చూసినట్టు పైకప్పు ఫ్యాను వైపు చూస్తూ, తాను జిరాక్సు తీయించిన మిగతా అందరి టికెట్లూ తనే కొట్టించాడు.

రెండో అచ్చు వచ్చింది, ఆ బోరింగు లేకుండా. టైపు నాదే, కూలి ముందే ఇచ్చాడు. కొత్త పుస్తకం తెచ్చి చూపిస్తే నా చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. వద్దంటాడేమోనని చూశాను. లెక్కపెట్టి సంచీలో వేసుకుని, "ఇగ నడువు" అన్నాడు. డబ్బు పెట్టాను కదాని నిజంగానే నడిచాను. అప్పటిదాకా నేను నడిచిన అతి పెద్ద దూరం దుకాణం నుంచి చాయ్ హోటల్ దాకా.

రాజమల్లన్న ఇప్పుడు లేడు. ఫుకట్‌గా వచ్చిన పుస్తకాలు నా బీరువాలో గురకపెట్టి నిద్రపోతాయి. ధర ఇచ్చి కొన్నవి మాత్రం నన్ను నిద్రపోనివ్వవు. పోయిన నెల సిరిసిల్లలో ఒకాయన మరమగ్గం మీద వెయ్యి పద్యాలు రాసి సొంతంగా అచ్చేసుకుంటే, పూర్తి ధర ఇచ్చి కొన్నాను. పద్యాల్లో సగం దాకా వచ్చాను. ఎండ మండుతోంది, కనుచూపు మేరలో నీడ లేదు, చాయ్ హోటలూ లేదు. అయినా నడుస్తున్నాను.