అత్తమ్మ విసుర్రాయిలో ఎర్ర గింజలు

శ్రీరామనవమికి మా సిరిసిల్ల భజన మండలిలో ఒక నియమం ఉంది. తలంబ్రాల్లో కలిపే పసుపును అంగట్లో కొనం. కొమ్ములు దంచి, పాటలు పాడుతూ మేమే విసురుకుంటాం. ఆ విసుర్రాయి మీద అంతకుముందు ఎన్నడూ కారం విసిరి ఉండకూడదు. మా మండలి రాయి పోయినేడు పగిలింది. ఆ సంగతి తెలిసి, కోరుట్లలో ఉండే మా అత్తమ్మ తన రాయిని గడ్డి పరిచిన ఆటోలో ఎక్కించుకుని తానే వచ్చింది. వెల్గటూర్ వైపు నుంచి ఆమె పుట్టింటివాళ్లు పెండ్లికి పెట్టిన రాయి అది. దేవుడి పెండ్లికి అది తిరగాలని ఆమె కోరిక.

మందిరంలో దించి రెండు బిళ్లలు విడదీసేసరికి ఆడవాళ్లంతా దాని మీదికి వంగారు. బూడిదరంగు రాయి నిండా ఎర్రటి చుక్కలు, అచ్చం ఎండుమిర్చి తునకల్లా. నాకు రామాయణం చదవడం నేర్పిన మండలి పెద్దమ్మ నీళ్లు చల్లి కొబ్బరిపీచుతో రుద్దింది. చుక్కలు పోలేదు సరికదా, తడికి ఇంకా మెరిశాయి. ఎవరో చింతపండు తెచ్చారు. నేనూ ఒక చెయ్యి వేశాను. అత్తమ్మ రాయైనా నియమం నియమమే.

"వదినె, ఏమనుకోకు. గిది కారం విసిరిన రాయే. రేపు తలంబ్రాలు వోసేటప్పుడు పంతులు కండ్లు మండితే సీతమ్మ పెండ్లి ఆగుతది," అంది పెద్దమ్మ.

"నేను కాపురానికొచ్చిన కాడికెంచి దీని మీద మిరపకాయ పెట్టలే," అంది అత్తమ్మ. రాయి పక్కనే కూలబడింది. దేవుడు వద్దన్న రాయి అని అదే ఆటోలో వెనక్కి తీసుకుపోతే కోరుట్లలో ఏ ముఖంతో తిరుగుతుంది?

జగిత్యాలలో డిగ్రీ చదివే నా బిడ్డ సెలవుకు వచ్చి ఉంది. రాళ్ల చదువే దాని చదువు. సంచిలోంచి భూతద్దం తీసి రాయి మీదికి వంగింది.

"కారం గాదు నాయనమ్మ, గార్నెట్లు," అంది.

ఒకనాటి బురద భూమి లోతుల్లోకి దిగి, పైనున్న బరువుకూ లోపలి వేడికీ కరగకుండానే ఇలా కొత్త రాయిగా మారిందట. అందులోని ఇనుము, అల్యూమినియం, సిలికా కలిసి ఈ గింజలు కట్టాయట. వాన వెలిశాక కొన్ని వాగుల ఇసుకలో కనిపించే ఎర్ర చారలు కూడా ఇవేనట. బరువెక్కువ కాబట్టి నీళ్లతో కొట్టుకుపోకుండా ఆగిపోతాయి. నేనూ భూతద్దంలోంచి చూశాను. అంచున ఒక గింజకు నున్నటి పలకలున్నాయి. అడ్డులేకుండా పెరిగితే పన్నెండు పలకలు వస్తాయంది. ఎవరు చెక్కుతారని అడిగాను. ఎవరూ చెక్కరు, రాయి కడుపులో అవే అలా పెరుగుతాయంది. వరాహస్వామి భూమిని పైకెత్తిన ఘట్టం ఏటా చదువుతాను. ఆయన ఎత్తిన ఆ భూమి లోపల ఇంత సన్నటి పని నడుస్తోందని ఆ పూటే తెలిసింది. చింతపండు చేతులతోనే దండం పెట్టాను.

గోమేదికం కూడా ఈ జాతిదేనని బిడ్డ అనేసరికి, ఒకామె తన ఉంగరానికో గింజ పెరుక్కోవచ్చా అంది. అందరూ నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు.

"రతనాలైతే నాకేంది? కారం లేదని గట్టిగ చెప్పు."

బిడ్డ అంచున ఊడిన ఎర్ర గింజ తునకతో, మందిరం మూలన పడున్న పగిలిన అద్దం ముక్క మీద గీసింది. గీత పడింది. మిరపతునక అద్దాన్ని గీయదు కదా అంది. చుట్టూ ఉన్న రాయి అరిగినా ఈ గింజలు అరగక పైకి నిలుస్తాయని, అందుకే గరుకు పోదని చెప్పింది. అప్పుడు అత్తమ్మ తలెత్తింది. అరిగిన విసుర్రాళ్లకు ఊరంతా ఉలితో గంట్లు పెట్టించుకున్నా, ఆ గంట్లు పెట్టే మనిషిని తాను మాత్రం ఎన్నడూ పిలవలేదంది.

పెద్దమ్మకు ఇంకా అనుమానమే. అత్తమ్మ గుప్పెడు బియ్యం పోసి గరగర విసిరింది.

"నాలిక మీద ఏస్కో. మండితే నేనే తీస్కపోత."

పెద్దమ్మ పిండి నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. మేమంతా ఆమె ముఖమే చూస్తున్నాం.

"జరంత బెల్లముంటే మంచిగుండు," అందామె.

పసుపు విసరడం ఇక ఆగలేదు. పెద్దమ్మే అత్తమ్మకు ఎదురుగా కూర్చుని పిడి మీద చెయ్యి వేసింది. అత్తమ్మ ఆ చేతిని కొద్దిగా కిందికి జరిపి, తాను పైన పట్టుకుంది. పాట కూడా ఆమే ఎత్తుకుంది. కోరుట్ల వరుస మాకు కొత్త. రెండో చరణానికల్లా అందరం అందుకున్నాం.