పెద్దక్క చేతిరాత

మొన్న మా మనవరాలు సెలవు మీద వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఆఫీసు గొడవ మొదలుపెట్టింది. ఆరు నెలలు కిందా మీదా పడి తను చేసిన పనికి పై అధికారి తన పేరు పెట్టుకున్నాడట. "చేసింది నేను, మెప్పు ఆయనకా అమ్మమ్మా?" అంది. నాకు కోపం రాలేదు, నీరసం వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇదే గోలా అనుకుని, పిల్ల చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చాను. ఆ పూటంతా నా బుర్రలో తిరిగింది మాత్రం పెద్దక్క.

పెద్దక్క నాకు తోడబుట్టింది కాదు, నర్సులందరికీ ఆమె పెద్దక్కే. యాభైల చివర నేను విడవలూరు వైపు ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో చేరేటప్పటికి ఆమె కాన్పుల వార్డులో పదిహేనేళ్లుగా పని చేస్తోంది. ఇద్దరం మాలపల్లెల నుంచి వచ్చిన క్రైస్తవులమే. నేను చామనఛాయ, ఆమె కారునలుపు. తెల్లచీరకు గంజి దండిగా పెట్టించేది, మనిషి కనపడకముందే చీర చప్పుడు వినపడేది. ఆసాముల ఇళ్ల ఆడవాళ్లు కాన్పుకు వస్తే తాగే నీళ్లు ఇంటి నుంచి బిందెతో తెచ్చుకునేవాళ్లు. మా చెయ్యి తగిలితే పారబోసేవాళ్లు. నొప్పులు ముదిరాక మాత్రం "ఆ నల్లామెను పిలవండమ్మా" అని వాళ్లే మొత్తుకునేవాళ్లు. "బిడ్డకు అంటు లేదంట, బిందెకే ఉందంట" అని అక్క నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు.

వార్డులో రిపోర్టు పుస్తకం ఉండేది. ఎవరికి ఏ మందు ఇచ్చారో, ఏ బిడ్డ పాలు తాగలేదో అంతా అందులో ఎక్కించి, డ్యూటీ మారేటప్పుడు పైకి చదవాలి. రాసేది అక్క, కింద సంతకం హెడ్ నర్సుది. అది అక్కడి పద్ధతి. తప్పని ఎవరికీ తోచలేదు, అక్కకు కూడా. హెడ్ నర్సులు మద్రాసు నుంచో గుంటూరు నుంచో వచ్చేవాళ్లు. అక్క వాళ్లకు పని నేర్పేది, నేర్చుకున్నాక వాళ్లు పెళ్లయ్యో బదిలీ మీదో వెళ్లిపోయేవాళ్లు. కొత్తామె వస్తే అక్క మళ్లీ మొదటికొచ్చేది.

నేను చేరిన రెండో ఏడు అప్పటి హెడ్ నర్సు వెళ్లిపోతానంది. ఆ ఉద్యోగానికి అక్క మొదటిసారి తనే అర్జీ పెట్టుకుంది. ఎంత ఆశపడిందో నాకు తెలుసు, ఆ వారమంతా సరిగ్గా అన్నం తినలేదు. వార్డు నడిపిన అనుభవం ఏదీ అని ఆసుపత్రి కమిటీ వాళ్లు అడిగితే పుస్తకాలన్నీ మోసుకెళ్లి బల్ల మీద పెట్టింది. ఏ పేజీ తిప్పినా సంతకం ఇంకొకరిది. అప్పుడు నన్ను పిలిపించారు. "ఈ రాత ఎవరిదమ్మా?" అన్నారు కార్యదర్శి గారు. పక్క కుర్చీలో హెడ్ నర్సు కూర్చుని ఉంది. నా ఉద్యోగం ఖాయం కావాలంటే ఆమె రాసిచ్చే కాగితం కావాలి. అక్క నా వైపే చూస్తోంది.

"సరిగ్గా చెప్పలేనండీ" అన్నాను.

మద్రాసు నుంచి ఇంకొకామె హెడ్ నర్సుగా వచ్చింది. నేను ఏడుస్తూ వెళ్లేసరికి అక్క బిడ్డల గుడ్డలు మడత పెడుతోంది. "ఏడవబాకమ్మే. నీ ఉద్యోగం పోతే మీ అమ్మా నాయనా ఏం తింటారు, నాకు తెలీదా" అంది. ఇంకో రెండు గుడ్డలు మడిచాక, "అయినా నువ్వు చెప్తావనే అనుకున్న్యా" అంది. సోమవారం నుంచి కొత్తామెకు పని నేర్పడం మొదలుపెట్టింది. సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టి పరీక్షలకు చదివించింది కూడా ఆమే. ఎందుకు చదివించిందో అడిగే మొహం నాకు లేకపోయింది.

ఏడేళ్లకు నేను హెడ్ నర్సునయ్యాను. రాసినవాళ్లే సంతకం పెట్టాలని మొదటిరోజే చెప్పి, పుస్తకం తీసుకెళ్లి అక్క ముందు పెట్టాను. ఆ నెలాఖరుకు ఆమెకు రిటైర్మెంటు. ఆ పాత పుస్తకాల్లో రాత అక్కదేనని, అప్పుడు చెప్పనిది, ఈసారి నేనే వెళ్లి కార్యదర్శి గారికి చెప్పి వచ్చానని కూడా ఆమెతో అన్నాను. "ఇప్పుడెందుకుమే" అంది అక్క, కోపం లేకుండా, వార్డు వాకిట్లో చెప్పులు వెతుక్కుంటూ. ఒక్క మాట అనడానికి నాకు ఏడేళ్లు పట్టింది, ఆ ఏడేళ్లూ పోయింది మాత్రం ఆమె వయసులోంచి.