అలోన్ అని రాసిన అర్జీ

ఇంగ్లీషు మీద నాకప్పట్లో ఉన్న మోజు ఇంతా అంతా కాదు. జువ్వలదిన్నెకు దక్షిణంగా, సముద్రం ఒడ్డున ఉన్న ఒక జాలర్ల పాలెంలో బడిపంతులుగా చేరినప్పుడు నా ట్రంకుపెట్టెలో బట్టలకంటే బరువైనది డిక్షనరీయే.

పందొమ్మిది వందల అరవై దాటిన కొత్తల్లో సముద్రం ఆ పాలేన్ని కోసుకుంటూ లోపలికి వచ్చింది. మెరక మీద ఇళ్ల స్థలాలిస్తామనీ, దిక్కులేని ఆడవాళ్లకు ముందిస్తామనీ కబురొచ్చింది. నీళ్లకు అందరికంటే దగ్గరగా ఉన్న గుడిసె ఒక ముసలామెది. ఆమె భర్త ఆరేళ్ల కిందట తెప్ప మీద వేటకు వెళ్లి తిరిగి రాలేదు. అర్జీ రాసిపెట్టమని ఆమె నన్ను పిలిపించింది.

మిట్టమధ్యాహ్నం వెళ్లాను. గుడిసె ముందు తాడు మీద మగవాడి పంచె ఒకటి వేలాడుతోంది. ఇంకా నీళ్లు కారుతున్నాయి.

"ఏమన్నా రాయి, అయ్యోరా. ఒక్కదాన్నని మాత్రం రాయబాక. పొద్దు గూకేటప్పటికి ఆయన వస్తాడు. నేను ఒక్కదాన్నే అనే మాట చెవిన బడిందంటే ఇంక రాడు" అంది, ఎంతో మామూలుగా.

నాకు నవ్వొచ్చింది. గదికి వచ్చి డిక్షనరీ తెరిచాను. సాలిటరీ అంటే జైలు గది గుర్తొచ్చింది. లోన్లీ అంటే దిగులు. దిగులుకు స్థలాలెవరిస్తారు? అలోన్ అయితే ఇంట్లో రెండో మనిషి లేనట్టు, పేచీ ఉండదు. అదే రాశాను. ఆమెకు ఇంగ్లీషు రాదు, పోయిన మనిషికి అసలే రాదు కదా అని నా ధీమా. చదివి వినిపించమంటే ఆ ఒక్క వాక్యం దాటేసి తక్కినదంతా తెలుగులో చెప్పాను.

నెల తిరక్కుండా రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారణకు వచ్చి, అర్జీ రాసినవాణ్నని నన్నూ పిలిపించి, గుడిసె వాకిట్లో నిలబడి అర్జీ పైకి చదివాడు.

"అలోన్. అంటే నువ్వు ఒక్కదానివే, ఇంట్లో ఇంకెవరూ లేరు, అంతే గదా?" అన్నాడు గట్టిగా.

ఆమె నావైపు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా అర్జీ కాగితం వైపు చూపు తిప్పుకున్నాను. గాలి ఏమాత్రం లేదు. లోపల చెంబు ఒకటి పడి దొర్లింది. పిల్లి అన్నాడు ఇన్‌స్పెక్టరు. చేపల పాలెంలో పిల్లులకేం కొదవ, నేనూ పిల్లే అనుకున్నాను. అనుకోవడానికి చాలా కష్టపడ్డాను.

స్థలం వచ్చింది. ఆమె కొత్త గుడిసె వేసుకుందని తెలిసి చూడబోయాను. నిజం చెప్పాలంటే మెప్పు కోసం వెళ్లాను. ఆమె గుమ్మంలో కూర్చుని పొద్దుటి వంటకు బియ్యం కొలవబోతోంది. నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ఆయన వస్తున్నాడా?" అని అడిగేశాను. వేళాకోళానికి కాదు. అప్పటికి నాకే భయంగా ఉంది. వస్తున్నాడని ఆమె చెబితే బాగుండునని మనసారా కోరుకున్నాను.

మావైపు ఏది కొలిచినా మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. ఒకటి ఒంటరి మాట, ఇంటికి అచ్చిరాదని భయం. రెండు నుంచే లెక్క మొదలు.

ఆమె సోల నిండా బియ్యం తీసింది. నా ముఖంలోకి చూస్తూ "ఒకటి" అంది. చేటలోకి సోల బోర్లించి పక్కన పెట్టేసింది.